సమ్మక్క లిఫ్టుకు ఫారిన్ పాసింగ్

ఖమ్మం జిల్లా రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను కొత్తగూడెం సర్వీస్ సెంటర్‌కు ఇన్‌చార్జిగా వేశారు. సర్వీస్ సెంటర్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, ఇద్దరు మెకానిక్‌లు, నూనె మరకల బల్ల, గాలి కన్నా చప్పుడు ఎక్కువ ఇచ్చే ఫ్యాను. హోదా మాత్రం ఘనమైనది: సీనియర్ సర్వీస్ ఇంజనీర్, ఏరియల్ లిఫ్ట్స్. ఏరియల్ లిఫ్ట్ అంటే మనిషిని ఒక బుట్టలో నిలబెట్టి పైకెత్తే యంత్రం. వీధిదీపాలు మార్చేటప్పుడు మీరు చూసే ఉంటారు. పైకి లేచే ఇనుప చేతిని బూమ్ అంటాం. మనిషి నిలబడే బుట్టను బాస్కెట్ అంటాం. బండి ఒరిగిపోకుండా నేల మీద ఆనించే నాలుగు కాళ్లను అవుట్‌రిగ్గర్లు అంటాం. ఈ మూడు మాటలు తెలిస్తే నా ఉద్యోగంలో సగం మీకు వచ్చేసినట్టే.

మా లిఫ్టులను తయారు చేసేది యూరప్‌లోని ఒక పాత కంపెనీ. పేరు చెప్పను, చెప్పినా పలకడం కష్టం. హైదరాబాద్‌లోని డీలర్ వాటిని ఇక్కడ అమ్మేవాడు. అమ్మినవాటిని బతికించే భారం మాలాంటి వాళ్ల మీద ఉండేది. ఏ ట్రైనింగ్‌కు వెళ్లినా మొదటి గంట కంపెనీ చరిత్రకే పోయేది. తెర మీద ఒక ముసలాయన ఫొటో పడేది. గుబురు మీసం, పక్కన ఒక నిచ్చెన. ఆ మీసం కనబడగానే కళ్లు మూసుకోవడం మా సర్వీస్ ఇంజనీర్లందరికీ అలవాటు, నేనూ ఎవరికీ తీసిపోలేదు. ఆ నిచ్చెన సంగతేమిటో రిటైరవడానికి కొంచెం ముందు గానీ నాకు తెలియలేదు.

ఆ ఏడాదే కంపెనీకి ఏదో పెద్ద వార్షికోత్సవం వచ్చింది. ఆ సందర్భంగా సొంతంగా ఒక మ్యూజియం కట్టుకున్నారు. అందులో అన్ని మోడళ్లూ పెట్టారు గానీ, కంపెనీకి పేరు తెచ్చిన మొట్టమొదటి మడతచేతి లిఫ్టు, అంటే మన మోచేతిలాగా మధ్యలో వంగే బూమ్ ఉన్నది, ఒక్కటీ దొరకలేదు. అక్కడ భద్రతా నియమాలు గట్టివి. వయసైపోయిన లిఫ్టును తుక్కు కింద కొట్టేస్తారు. అన్నీ కొట్టేసిన తరువాత, ఒక్కటైనా దాచుకుని ఉంటే బాగుండేదని గుర్తొచ్చింది. అందుకని అన్ని దేశాల డీలర్లకూ సర్క్యులర్ పంపారు. ఆ మోడల్ ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని తీసుకుని, బదులుగా కొత్త లిఫ్టు ఇస్తారు. షరతులు మూడు. ముఖ్యమైన భాగాలు పుట్టినప్పటివే అయి ఉండాలి. ప్లేటు మీద తయారీ నంబరు చదవడానికి వీలుండాలి. లిఫ్టు ఇంకా పనిచేస్తూ ఉండాలి.

సర్క్యులర్ చదవగానే నాకు టేకులపల్లి సమ్మక్క గుర్తొచ్చింది.

సమ్మక్కకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. భర్త మల్లేష్ బొగ్గు గనిలో కార్మికుడు. చాలా ఏళ్ల కిందట ఒక ఫ్యాక్టరీ వాళ్ల వేలంలో ఆయన ఒక పాత లారీ కొన్నాడు. దాని వీపు మీద మా కంపెనీ లిఫ్టు ఉంది. లిఫ్టును ఊడదీసి తుక్కుకు అమ్ముదామని ఆయన ఆలోచన. సమ్మక్క ఒప్పుకోలేదు. తనే లివర్లు పట్టుకోవడం నేర్చుకుని కిరాయికి తిప్పడం మొదలుపెట్టింది. ఊళ్లలో వీధిదీపాలు, ఫంక్షన్ హాళ్లకు సీరియల్ లైట్లు, ఎన్నికలొస్తే ఫ్లెక్సీలు, నవమికి భద్రాచలంలో పందిళ్లు. "మా ఆయన భూమిలకు దిగుతడు, నేను మీదికెక్కుత. నడిమిట్ల సంసారం నడుస్తున్నది" అని నవ్వేది.

కానీ లిఫ్టుకు ముసలితనం ముంచుకొచ్చింది. బూమ్‌ను ఎత్తిపట్టే పెద్ద సిలిండర్‌లో సీళ్లు అరిగిపోయి, పైకెత్తిన బాస్కెట్ ఎవరూ ఏమీ అనకుండానే మెల్లగా కిందికి జారేది. మా భాషలో దీన్ని డ్రిఫ్ట్ అంటాం. ఆ సిలిండర్‌కు సరిపోయే విడిభాగాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. నేను వచ్చాక లోకల్ సీళ్లు వేసి కొన్ని నెలలు నెట్టుకొచ్చాను. వచ్చే ఏడు మాత్రం లిఫ్టు భద్రమేనని నేను సంతకం పెట్టలేనని ఆమెకు ముందే చెప్పేశాను. మల్లేష్ రిటైర్మెంటు దగ్గర పడింది. లిఫ్టు ఆగితే కిరాయిలు ఆగుతాయి, కొత్తది కొనే తాహతు వాళ్లకు లేదు. ఆ సర్క్యులర్ అవసరం కంపెనీ మ్యూజియం కన్నా సమ్మక్కకే ఎక్కువని నాకు అనిపించింది.

వెళ్లి ఫొటోలు తీసి పంపాను. రంగు వెలిసి, అంచులు తుప్పు పట్టి, బాస్కెట్ వంకరపోయి ఉన్న ఫొటోలు. ప్లేటు మీద రంగు పేరుకుపోయి నంబరు కనబడలేదు గానీ, బూమ్ మోచేతి దగ్గర ఉన్న వంపు చూసి అక్కడివాళ్లు ఎగిరి గంతేశారట. కంపెనీ చరిత్ర విభాగం నుంచి హెల్గా అనే అధికారిణి స్వయంగా వస్తున్నారని కబురు వచ్చింది. అదే వారం నన్ను చెన్నైలో ట్రైనింగ్‌కు పంపారు. అక్కడ షరా మామూలుగా మీసం, నిచ్చెన చూసి నేను కునుకు తీస్తుండగా, హైదరాబాద్ ఆఫీసు వాళ్లు నేరుగా సమ్మక్కకు ఫోన్ చేశారు. గురువారం ఫారిన్ ఆఫీసర్ ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నారు, బండి రెడీగా పెట్టుకొమ్మని చెప్పారు. చెప్పింది అంతే.

గురువారం పొద్దున నేను ఖమ్మంలో హెల్గా గారిని కారెక్కించుకున్నాను. పొడుగు మనిషి, నెరిసిన జుట్టు, మెడలో భూతద్దం. దారంతా ఆమె పసిపిల్లలా సంబరపడుతూనే ఉన్నారు. ఇన్నేళ్లుగా దాని గురించి కాగితాల్లో చదవడమే గానీ కంటితో చూసింది లేదని చెప్పారు. ఇల్లందు దాటి, అడవి మొదలై, టేకులపల్లి వచ్చింది. సమ్మక్క ఇంటి ముందు కారు దిగాం.

వాకిట్లో ఒక కొత్త లారీ నిలబడి ఉంది. నెమలికంఠం రంగు, మీద తెల్ల గీతలు, అద్దం పైన 'సమ్మక్క లిఫ్ట్స్' అని రేడియం అక్షరాలు. టైర్లు తళతళా నల్లగా మెరుస్తున్నాయి. బూమ్ చివర వంకర బాస్కెట్ ఉండాల్సిన చోట నిగనిగలాడే కొత్త ఇనుప బాస్కెట్. లివర్ల చివర ఉండే పాత కర్రగుబ్బలు పోయి ఎర్రటి ప్లాస్టిక్ గుండ్లు వచ్చాయి. బంపర్‌కు బంతిపూల దండ వేసి ఉంది. పక్కన కొత్త చీర కట్టుకుని సమ్మక్క, ఇస్త్రీ చొక్కాలో మల్లేష్, చేతికి అంటిన రంగు ఇంకా వదలని పెయింటర్ రఫీ వరుసగా నిలబడ్డారు.

"ఎట్లున్నది సార్? ఆర్టీఓ దగ్గరికి గూడ ఎన్నడు గింత మంచిగ తయారు చెయ్యలే" అంది సమ్మక్క.

విషయం అప్పుడు నా బుర్రకెక్కింది. కిరాయి బండ్లు ఏటా రవాణా ఆఫీసుకు వెళ్లి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మా వైపు దాన్ని పాసింగ్ అంటారు. పాసింగ్ ముందు బండికి రంగు వేయించడం, పూలదండ వేయడం ఆనవాయితీ. టైర్లు బాగాలేకపోతే చుట్టాల లారీకి ఉన్న మంచి టైర్లు ఒకరోజుకు తెచ్చి బిగిస్తారు. అప్పటిదాకా వాళ్ల లారీ జాకీల మీద వేలాడకుండా మన అరిగిన టైర్లు వాళ్లకు తొడుగుతారు. పని అయిపోయాక ఎవరివి వాళ్లకు. దీన్ని ఎవరూ మోసం అనుకోరు. పెళ్లికి వెళ్లేటప్పుడు పక్కింటి గొలుసు అడిగి వేసుకున్నట్టే. ఇన్‌స్పెక్షన్ అనే మాట వినగానే సమ్మక్క తనకు తెలిసిన ఇన్‌స్పెక్షన్‌కే తయారైంది. వచ్చేది ఫారిన్ ఆఫీసర్ కాబట్టి నాలుగింతలు ఎక్కువ తయారైంది. మన దేశంలో అత్యంత పాత లిఫ్టును అత్యంత కొత్త లిఫ్టుగా మార్చి పెట్టింది.

హెల్గా గారు లారీ చుట్టూ ఒకసారి తిరిగారు. భూతద్దం తీసినా దాన్ని కంటి దాకా తేలేదు. నా వైపు తిరిగి, మీరు పంపిన ఫొటోలు దీనివేనా అని అడిగారు. అవునన్నాను. ఇది నకలు అని ఆమె చాలా మర్యాదగా అన్నారు. ఎవరో పాతదాన్ని చూసి కొత్తగా చేశారని, తను ఇంత దూరం వచ్చింది దీనికోసం కాదని చెప్పారు. ఆ మర్యాదకు నాకు తల కొట్టేసినట్టయింది.

"మేడం ఏమంటున్నది సార్?" అని సమ్మక్క ఆశగా అడిగింది.

"పాతది కావాలంటున్నారమ్మా. ఇది కొత్తగా ఉందట."

సమ్మక్క నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "కొత్తగ ఉంటే ఫెయిల్ ఎట్ల చేస్తరు సార్? పాతగ ఉంటే గద ఫెయిల్ చేసేది!"

సర్క్యులర్‌లోని షరతులు అప్పుడు ఆమెకు మొదటినుంచీ చెప్పాను. మోటు పని చేశావంటూ నాలుగు మాటలు కూడా అన్నాను. మ్యూజియం అంటే పాత సామాను చూపించే చోటని చెబుతుంటే ఆమె ముఖం పాలిపోయింది. కొత్త లిఫ్టు రాదన్న సంగతి అర్థమై, పూలదండ వేసిన బంపర్ పక్కనే కింద కూలబడింది. మల్లేష్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. అంతవరకూ నాకు ఆమె మీద పట్టరాని కోపం ఉంది. అది చూశాక ఆ కోపమంతా హైదరాబాద్ ఆఫీసు మీదికి మళ్లింది.

పాత బాస్కెట్ ఏదమ్మా అని అడిగాను.

"అశ్వారావుపేటల మా చెల్లె మొగడు సత్యం లేడా, ఆయన దగ్గరున్నది. గీ కొత్తది ఆయన ట్రాక్టర్‌కు గెలలు మోసేది. రెండు దినాలకు బదులిచ్చుకున్నం."

"కర్రగుబ్బలు?"

"అవి గూడ బాస్కెట్ల ఏసి పంపిన. టైర్లు తల్లాడల మా అన్న లారీకున్నయ్. ఏదీ పారెయ్యలే సార్. పాసింగ్ అయినంక మనది మనకొస్తది గద."

హెల్గా గారికి ఇదంతా ఇంగ్లీషులో చెప్పడం నా సర్వీసులో నేను చేసిన కష్టమైన రిపేర్లలో ఒకటి. తనిఖీ కోసం చుట్టాల సామాను తెచ్చి బిగించుకునే పద్ధతిని ఆమె రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. తరువాత చిన్నగా నవ్వు మొదలై, కళ్లు తుడుచుకునేదాకా వెళ్లింది. సరే, ఆ బాస్కెట్ చూద్దాం పదండి అన్నారు.

అశ్వారావుపేట దగ్గరిదేమీ కాదు. కారులో వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో దుబాసీగా నేను. సమ్మక్క బిత్తరపోయి మూల కూర్చుంది. ఆమెను మాట్లాడించాలనో ఏమో, హెల్గా గారు కంపెనీ కథ మొదలుపెట్టారు. ఇన్నేళ్లూ నేను నిద్రపోయిన కథ. ఈసారి ప్రతి వాక్యం తెలుగులోకి మార్చాల్సి వచ్చింది కాబట్టి నిద్రపోయే వీలు లేకపోయింది.

ఆ మీసాల ఆయన కొండల మధ్య ఒక పల్లెటూళ్లో కమ్మరి. ఊరంతా పండ్ల తోటలు. ఆయన పని తోటల వాళ్లకు నిచ్చెనలు చేసివ్వడం. కోతల కాలంలో నిచ్చెన మీది నుంచి పడి కాళ్లు విరగ్గొట్టుకునేవాళ్లు ఎక్కువగా ఉండేవారు. వాళ్లలో ఆయన భార్య కూడా ఉంది. ఆ తరువాత ఆయన ఒక పండ్లబుట్టంత ఇనుప బుట్ట చేసి, పాత మిలిటరీ బండి నుంచి తీసిన సిలిండర్‌తో దాన్ని పైకెత్తే ఏర్పాటు చేశాడు. అదే మొదటి లిఫ్టు. తోటల వాళ్లు దాన్ని కొనలేదు. నిచ్చెనే చవక అన్నారు. కరెంటు కంపెనీ వాళ్లు చూసి కొన్నారు. కొడుకుల కాలంలో క్రేన్లు, తవ్వే యంత్రాలు వచ్చాయి. మనవల కాలంలో కంపెనీ చేతులు మారింది, మళ్లీ మారింది. ఇప్పటి యజమానులు ఎన్నడూ లిఫ్టు ఎక్కినవాళ్లు కారు. పండ్ల కోసం పుట్టిన యంత్రం ఆ తరువాత ఒక్క పండునూ మోయలేదని హెల్గా గారు కొంచెం బాధగా ముగించారు.

"అంటే ఆ తాత మన వెల్డింగ్ షాపోళ్ల లెక్కనే" అంది సమ్మక్క. "పెండ్లం కాలు ఇరిగితే గాని బుద్ధి రాలె." నేను రెండో ముక్కను అనువదించాలా వద్దా అని తటపటాయిస్తుంటే హెల్గా గారు పట్టుబట్టి చెప్పించుకున్నారు. అప్పటినుంచీ వాళ్లిద్దరికీ నా అవసరం సగం తగ్గిపోయింది.

సత్యం ఆయిల్‌పామ్ తోట ఊరి బయట ఉంది. కోత జరుగుతోంది. పొడవాటి గెడలకు కట్టిన కొడవళ్లతో కూలీలు గెలలు దించుతున్నారు. వరసల మధ్యనుంచి ఒక ట్రాక్టర్ వస్తోంది. దాని ముందు లోడర్‌కు మా పాత బాస్కెట్ కట్టి ఉంది, నిండా ఎర్రెర్రని గెలలు. సత్యం ట్రాక్టర్ దిగి, పని ఆపుకోలేక వాడుకున్నానని, అనుకున్నదానికన్నా బాగా మోస్తోందని సంజాయిషీ చెప్పుకున్నాడు. హెల్గా గారు అతని మాట వినడం లేదు. నోరు తెరుచుకుని ఆ బాస్కెట్‌నే చూస్తున్నారు. తరువాత ఫొటోలు తీస్తూ ట్రాక్టర్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో నేను లెక్కపెట్టలేదు. గెలలు దించబోతే వద్దని ఆపి మళ్లీ తీశారు. ఫారిన్‌లో పామ్‌గెలలు ఉండవా అని సత్యం నన్ను చాటుగా అడిగాడు.

బాస్కెట్ అసలుదే. అడుగున కమ్మరి సుత్తి దెబ్బల గుర్తులు, పక్కన పాత పద్ధతి మడత అతుకు, అన్నీ కాగితాల్లో ఉన్నట్టే ఉన్నాయి. కర్రగుబ్బలు ట్రాక్టర్ డబ్బాలో దొరికాయి. ఇక మిగిలింది నంబరు. నంబరు లేకపోతే ఇవన్నీ ఏదో పాత లిఫ్టు సామాను అవుతాయి గానీ మొదటి విడతలో తయారైందని రుజువు కాదు. ఆ సంగతి ఆమె దారిలో స్పష్టంగానే చెప్పారు. సమ్మక్క ముఖం మళ్లీ చిన్నబోయింది. ఆ ప్లేటు మీద రఫీ ఎన్ని పూతలు వేశాడో ఆమెకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే బాస్కెట్‌ను మళ్లీ బూమ్‌కు బిగించి, రఫీని పిలిపించాను. ఇక్కడ పెయింటింగ్ పని గురించి ఒక మాట చెప్పాలి. ఇనుముకు రంగు వేసేముందు పాత రంగును పూర్తిగా గీకి, తుప్పు తీసి, ప్రైమర్ కొట్టి అప్పుడు వేయాలి. అది పుస్తకంలో ఉన్న పద్ధతి. రఫీ పద్ధతి వేరు. పాతదాని మీదే కొత్తది వేసేస్తాడు. దీని మీద ఏటా పాసింగ్ ముందు వాళ్లిద్దరికీ గొడవే.

"ఏటేటా చెప్పిన సార్, గీకమని. ఒక్కనాడు గూడ గీకలె. ఇయ్యాల నా కొంప ముంచిండు" అని సమ్మక్క మొదలుపెట్టింది.

"గీకితే రెండు దినాలైతది అక్కా. నువ్వేమో జల్దీ జల్దీ అంటవ్" అని రఫీ గొణిగాడు.

హెల్గా గారు వాళ్లను పక్కకు జరిపి, తన సంచిలోంచి దూది, ఒక సీసా, చిన్న కత్తి తీశారు. బూమ్ మొదట్లో ప్లేటు ఉండే చోట అంగుళమంత మేర మెల్లగా రంగు కరిగించసాగారు. పైన నెమలికంఠం పోయి దాని కింద ఇటికరంగు వచ్చింది. సమ్మక్క మెడ సాచి చూసి, ఇది పోయిన ఏడుది అంది. తరువాత చిలకాకుపచ్చ. "అది రఫీ ఏదో బడి గేటుకు ఏసి మిగిలింది తెచ్చి పూసిండు." తరువాత వంకాయరంగు. ఎన్నికల ఏడాది ఏ పార్టీకీ చెందని రంగు కావాలని వెతికి వెతికి వేయించానని ఆమె చెప్పింది. దాని కింద బంగారు రంగు, మళ్లీ నీలం. ఒక్కో పొర ఊడుతుంటే సమ్మక్క ఒక్కో ఏడాది చెప్పుకుంటూ వచ్చింది. హెల్గా గారు రాసుకుంటూ వచ్చారు. చరిత్ర విభాగం పని ఎలా ఉంటుందో నేను చూడటం అదే మొదటిసారి.

అన్నిటికన్నా అడుగున పసుపు కనబడింది. కంపెనీ తొలినాళ్ల నిమ్మపసుపు. ఆ పసుపు మధ్యలో ఇత్తడి ప్లేటు. నిన్న బిగించినంత నిగనిగలాడుతూ ఉంది, గీత పడలేదు, చిలుము పట్టలేదు. దాని మీద అంకెలు అందరమూ చదివాం. హెల్గా గారు తన కాగితంతో పోల్చి చూసుకుని, కాసేపు అక్కడే మోకాళ్ల మీద ఉండిపోయారు. అది మొదటి విడతదే.

తరువాత ఆమె లేచి అందరికన్నా ముందు రఫీ దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుని ఊపారు. యూరప్‌లో పద్ధతి ప్రకారం గీకి రంగులు వేసిన లిఫ్టులు ఒక్కటీ అసలు రంగుతో మిగల్లేదని, ఇక్కడ గీకకపోబట్టి అది పదిలంగా ఉందని చెప్పమన్నారు. చెప్పాను. రఫీ సమ్మక్క వైపు చూసిన చూపును నేను మర్చిపోలేను.

"విన్నవా అక్కా?"

"విన్న తియ్. ఇగ నిన్ను పట్టుకునుడు కష్టం."

మూడో షరతు మిగిలింది: పనిచేయడం. ఈ విషయంలో నేను కాస్త చాదస్తుణ్ని. అవుట్‌రిగ్గర్ల కింద చెక్కలు వేయించి, ముందు ఇసుక బస్తాలతో ఎత్తి దించి, ఇద్దరికీ బెల్టులు కట్టించి, వీధిదీపం ఎత్తుకు మించి పోకూడదని గట్టిగా చెప్పి అప్పుడు ఎక్కనిచ్చాను. సమ్మక్క, హెల్గా గారు బాస్కెట్‌లో పైకి లేచారు. పైన సమ్మక్క వీధిదీపం మూత విప్పి, తుడిచి, మళ్లీ బిగించి చూపించింది. బాస్కెట్ తన మామూలు జబ్బు ప్రకారం మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. లివర్ ముట్టుకోకుండానే ఎందుకు దిగుతున్నామని హెల్గా గారు సైగ చేశారు. సమ్మక్క నన్ను అడగకుండానే, చేతులతో, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో జవాబిచ్చింది. "ఓల్డ్ మేడం. వర్క్ ఫినిష్, ఆటోమేటిక్ డౌన్!"

హెల్గా గారు పనిచేయుచున్నది అని రాసి సంతకం చేశారు. డ్రిఫ్ట్ సంగతి నేను విడిగా చెప్పాను. దాచడం నా పద్ధతి కాదు. మ్యూజియంలో ఇది ఎవరినీ ఎత్తదు కదా అని ఆమె నవ్వేశారు. అయితే ఇంకో మాట గట్టిగా చెప్పారు. ఈ రంగు పొరల్లో ఒక్కటీ చెరగకూడదు, రేడియం అక్షరాలతో సహా ఉన్నదున్నట్టు పెట్టెలో పెట్టి పంపాలి. ఇన్ని రంగుల కిందే ఇది బతికిందని మ్యూజియంలో రాసిపెడతానన్నారు.

వానలు తగ్గాక కొత్త లిఫ్టు వచ్చింది. పాతదాన్ని లారీ మీది నుంచి దించి చెక్కపెట్టెలో పెట్టేటప్పుడు సమ్మక్క దానికి కొబ్బరికాయ కొట్టి, పెట్టె మూత వేసేదాకా చెయ్యి వేసి నిలబడింది. కొత్తదాని నిండా సెన్సర్లే. నేల కొంచెం వాలుగా ఉన్నా కదలనని మొండికేసి కూత పెడుతుంది. "మా గనిల సేఫ్టీ ఆఫీసర్ లెక్కనే ఉన్నది" అని మల్లేష్ తేల్చాడు. అయినా కిరాయిలు ఆగలేదు. మల్లేష్ రిటైరై దాని డ్రైవరు అయ్యాడు. చాలా ఏళ్లకు ఆయనా భూమి పైన పనిచేయడం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడాది, నేను రిటైరయ్యే ముందు, హెల్గా గారి నుంచి ఫొటోతో మెయిల్ వచ్చింది. మ్యూజియం ప్రారంభమైందట. ఫొటో తెరిచి చూసి నేను కుర్చీలో వెనక్కి వాలాను. వెంటనే ఫోన్ తీసుకుని టేకులపల్లి వెళ్లాను. సమ్మక్క, మల్లేష్, రఫీ ముగ్గురికీ చూపించాను.

విశాలమైన హాలులో, పెద్ద లైట్ల కింద, నిగనిగలాడే నిమ్మపసుపు లిఫ్టు. ఒక్క మరక లేదు. నెమలికంఠం లేదు, వంకాయరంగు లేదు, రేడియం లేదు. బాస్కెట్ వంకర తీసేశారు. లివర్లకు కొత్త గుబ్బలు. కింద చూపించడానికి కట్టిన బండికి నల్లటి కొత్త టైర్లు. ముందు పూలగుత్తి. కంపెనీ ఛైర్మన్ ప్రారంభానికి వస్తున్నాడని, తను సెలవులో ఉన్నప్పుడు ప్రచార విభాగం వాళ్లు పనివాళ్లను పిలిపించి, పాత రంగంతా ఇనుము కనబడేదాకా గీకించి కొత్తగా వేయించారని హెల్గా గారు రాశారు. ఆ ఉత్తరంలో మర్యాద తక్కువగా, కోపం ఎక్కువగా ఉంది. రఫీ గారికి నా తరఫున క్షమాపణ చెప్పండని చివర రాశారు.

సమ్మక్క ఫోన్‌ను దగ్గరికీ దూరానికీ పెట్టి చాలాసేపు చూసింది.

"ఆళ్ల పెద్దాయనొచ్చిండా సార్?"

"అవునమ్మా."

"గదన్నట్టు. ఆళ్లు గూడ పాసింగ్ చేయించిండ్రు" అంది. తరువాత రఫీ వైపు తిరిగి, "చూడు, గీకిండ్రు" అంది.

రఫీ ఫొటో పెద్దది చేసి, రంగు పూతను పనివాడి కళ్లతో చూసి, ఫోన్ నాకు తిరిగిచ్చాడు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. పెద్దమనిషి వస్తున్నాడని తెలిస్తే, టేకులపల్లిలోనైనా యూరప్‌లోనైనా ముందు తెరుచుకునేది రంగు డబ్బానే. అందుకని మిగిలిన ఆ కొద్ది సర్వీసులో నేను ఏ లిఫ్టు తనిఖీకీ ముందుగా కబురు పెట్టి వెళ్లలేదు. చెప్పకుండా వెళ్లినచోట నాకు టీ ఇచ్చినవాళ్లు తక్కువ. లిఫ్టు మాత్రం ఉన్నది ఉన్నట్టుగా కనబడేది.